గొంగళ్ళ పరదా ముందు రాణి ముఖం

2019 ఎండాకాలం మొదట్లో నన్ను వనపర్తి క్యాంపుకు వేశారు. అప్పటికి నా హోదా కెమెరామన్, గ్రేడ్ వన్. ఆడమనిషినే అయినా సర్వీసు రిజిస్టరులో చివరిదాకా కెమెరామన్‌నే. ఆ పేరు మార్చమని ఒకసారి అడిగితే, పోస్టు మంజూరైంది ఆ పేరుతోనే, జీతం వచ్చేదీ ఆ పేరుతోనే, కావాలా వద్దా అన్నారు మా సూపరింటెండెంటు గారు. కావాలనే అన్నాను.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఆడేవాళ్ళు తగ్గిపోతున్న పల్లె నాటకాలను వీడియో తీసి మా సాంస్కృతిక శాఖలో భద్రపరచడం ఆ క్యాంపు పని. ఒక బృందానికి ఒక రోజు, ఒకే కెమెరా. తీసింది తీసినట్టు హైదరాబాదుకు పంపాలి. అక్కడ పరిశీలన కమిటీ చూస్తుంది. బొమ్మ బాగోలేకపోతే ‘టెక్నికల్ రిజెక్ట్’ అని వెనక్కి కొడుతుంది. ఆట ఎంత గొప్పగా ఆడినా ఆ ముద్ర పడితే ఆ బృందం పని అయిపోయినట్టే. మళ్ళీ అవకాశం ఇవ్వడం అరుదు.

గట్టు మండలంలో ఒక ఊరి బయలాట బృందానికి అలా అరుదుగా రెండో అవకాశం ఇచ్చారు. బయలాట అంటే ఆరుబయట అరుగులాంటి కట్టమీద వేసే నాటకం. కర్ణాటక పక్కనే కాబట్టి ఆ మాట అటునుంచి వచ్చింది, పద్యాలు మాత్రం తెలుగువే. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కడతారు. ఆ బృందంలో రాణి వేషం తిమ్మప్పది. డెబ్బై దాటిన మనిషి, గొర్లు కాచుకుంటూ పదెకరాల మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. కథలో రాజు దండుతో యుద్ధానికి పోతాడు, తిరిగి రాడు. రాణి కోట బురుజెక్కి దారి చూస్తూ ఒక పద్యం అందుకుంటుంది. ‘దండు పోయిన దారి దుమ్మయినా లేవదాయె’ అని మొదలవుతుంది. ఆ బురుజు పద్యం కోసమే చుట్టుపక్కల ఊళ్ళ జనం తెల్లారేదాకా కూర్చునేవాళ్ళట.

మొదటిసారి తీసిన వీడియోను నేను బయలుదేరేముందు హైదరాబాదులో వేసుకుని చూశాను. ఎవరో కాంట్రాక్టు మీద వెళ్ళి తీసినవాళ్ళు. కెమెరాను ఆటోలో పెట్టి, వాళ్ళు పక్కన కూర్చుని టీ తాగినట్టున్నారు. రాణి చీర కనిపిస్తోంది, గాజులు కనిపిస్తున్నాయి, వెనక పరదా కనిపిస్తోంది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఒలిచిన కోడిగుడ్డు ఉంది. కళ్ళు లేవు, కనుబొమలు లేవు. గొంతు ఒక్కటే వస్తోంది. ఆ గొంతు విన్నాక నాకు ఒళ్ళు మండింది. ఇంత పాడేవాణ్ణి ఇలా చేస్తారా అని అక్కడే పైకి అనేశాను.

అలా ఎందుకైందో చెప్పాలి. వీడియోలో వెలుతురును అదుపు చేసే పగ్గాలు కొన్నే. షట్టరు వేగం ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు, మారిస్తే కదలికలు అతుకులు వేసినట్టు వస్తాయి. బొమ్మను కృత్రిమంగా వెలిగించే గెయిన్ జోలికి ఎండలో పోనక్కర లేదు. ఇక మిగిలేవి లెన్సు ముందు వేసే నల్లద్దాలు, లెన్సు లోపల తెరుచుకుని మూసుకునే ఐరిస్. ఐరిస్‌ను మనం తిప్పకుండా ఆటోకు వదిలేస్తే కెమెరా ఫ్రేములో ఉన్నదాన్నంతా కలిపి సగటు చూస్తుంది. దానికి రాణి తెలియదు, రాజు తెలియదు. ఎక్కువ భాగం నల్లగా ఉంటే అయ్యో చీకటి అనుకుని ఐరిస్‌ను బార్లా తెరుస్తుంది. ఈ బృందం వెనక కట్టే పరదా బట్టది కాదు, గొంగళ్ళది. ఊళ్ళో గొర్లకాపరుల ఇంటికొక గొంగడి చొప్పున ఇస్తే వాటిని కలిపి కుట్టుకున్నారు. కాటుకంత నలుపు. ఆ నలుపును చూసి కెమెరా తెరుచుకుంది, దాని ముందు తెల్లరంగు పూసుకున్న ముఖం కాలిపోయింది. మా భాషలో దాన్ని ‘ఓవర్’ అంటాం. చీకటిలో పడిన బొమ్మను తర్వాత ఎడిటింగులో కొంచెం లేపవచ్చు. ఓవరై కాలిపోయిన చోట మాత్రం ఏమీ మిగలదు. బ్రహ్మదేవుడొచ్చినా తిరిగి తేలేడు.

బృందం పెద్ద వీరన్న. హార్మోనియం ఆయనదే, ఆట నేర్పిందీ ఆయనే. ఫోన్లో మాట్లాడితే, ఎప్పుడైనా రండి కానీ జల్దీ రండి మేడం అన్నాడు. ఎందుకంత తొందర అంటే అసలు సంగతి చెప్పాడు. తిమ్మప్ప పై పండ్లు మొత్తం చెడిపోయాయి, చీము పట్టింది. గద్వాలలో పండ్ల డాక్టరు అన్నీ తీసేయాలన్నాడు. షుగరు మనిషి, ఆలస్యం చేస్తే దవడకు ప్రమాదమని గట్టిగా చెప్పాడు. రికార్డింగు ఉందని తిమ్మప్ప ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశాడు.

"పండ్లు పోతే పద్యం పోతది మేడం. అంతా ‘ద’కారమే కదా. నాలుక పండ్లకు తగలకపోతే దండు యాడికెళ్ళి వస్తది?" అన్నాడు వీరన్న.

కట్టుడు పళ్ళు పెట్టుకోవచ్చు కదా అన్నాను. పెట్టుకుంటాడట, కానీ వాటితో అన్నం తినడం వేరు, ఎత్తిన గొంతు దించకుండా సీస పద్యం లాగడం వేరు. బృందంలో ఇంకెవరికీ ఆ పద్యం ఆ ఫక్కీలో రాదు. కాబట్టి లెక్క తేలిపోయింది. ఈ రికార్డింగు కూడా వెనక్కొస్తే మూడోసారి తీయడానికి పద్యం ఉండదు.

అనుకున్న రోజుకు ముందునాడే మా జీపులో ఆత్మకూరు మీదుగా జూరాల దాటి గద్వాల చేరుకుని, అక్కడ రాత్రి ఉండి, పొద్దున్నే గట్టు బాట పట్టాం. నాతో లైటింగ్ అసిస్టెంటు యాదగిరి ఉన్నాడు. నాగర్‌కర్నూల్ వాడు, మైకు కూడా అతనే పట్టేవాడు. రాత్రి ఆటను పగలు తీయడం మాకూ ఇష్టం లేదు. కానీ ఊళ్ళో కరెంటు మీద మా పెద్ద లైట్లు నడవవు, జనరేటరు మంజూరు కాలేదు. ఎండే మా దీపం.

ఊరు చేరి కట్ట దగ్గరికి వెళ్ళి చూసి నేను తల పట్టుకున్నాను.

తిమ్మప్ప అప్పటికే వేషం కట్టి కుర్చీలో కూర్చున్నాడు. గద్వాల చీర, వడ్డాణం, అద్దాల కిరీటం. ముఖానికి గోడకు సున్నం కొట్టినట్టు తెల్లరంగు. కట్ట తూర్పు మొగం కట్టింది, ఎండ సూటిగా ఆ ముఖం మీదే పడుతోంది. అది చాలదన్నట్టు పక్కింటి కరెంటుకు వైరు తగిలించిన నాలుగు హేలోజన్ లైట్లు ముందు నిలబెట్టి ఉన్నాయి. వీరన్న అల్లుడు మల్లేశ్ గద్వాలలో టెంటు హౌసు నడుపుతాడు, అవి అతను పెళ్ళిళ్ళకు కిరాయికిచ్చే లైట్లు. మామ మీద ప్రేమతో జీపులో వేసుకుని తెచ్చాడు.

వీరన్న చేతులు జోడించి ఎదురొచ్చాడు. "పోయినసారి ముఖం కనిపిస్తలేదని మీ ఆఫీసోళ్ళు ఫోన్ చేసిండ్రు మేడం. మాకు మస్తు నామోషీ అయింది. ఈసారి డబల్ కోటింగ్ ఏసినం. జింకు తెలుపు ఎక్కువేసి కొబ్బరినూనెల కలిపినం. లైట్లు గూడ తెప్పిచ్చినం. ఇగ కనిపియ్యకపోతే అడుగుండ్రి!"

కోపం వచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. పాపం వాళ్ళ తప్పేముంది? ముఖం కనిపించడం లేదని ఫోన్లో చెప్పినవాడు ఎందుకో చెప్పలేదు. కనిపించకపోతే వెలుగు చాలలేదనే ఎవరైనా అనుకుంటారు. ఎక్కువైన వెలుగు వల్ల చెడిన బొమ్మకు వాళ్ళు ఇంకా వెలుగు తెచ్చి పెట్టారు. నేను విషయం చెబితే మల్లేశ్ నమ్మలేదు. "ఎలుగు ఎక్కువైతే కనిపియ్యకపోవుడేంది మేడం?" అన్నాడు. ఒకసారి సూర్యుడి వంక చూసి అందులో ఏం కనిపిస్తోందో చెప్పు నాయనా అన్నాను. చూడబోయి కళ్ళు మూసుకున్నాడు. అయినా నమ్మినట్టు లేదు.

రంగు సగం తుడిచి పలచగా వేయమన్నాను. అంతే, కట్టమీద ఉన్నవాళ్ళంతా తిమ్మప్ప చుట్టూ చేరారు. వీరన్న నెమ్మదిగా చెప్పాడు. రంగు పూసి, గజ్జె కట్టి, కిరీటానికి కొబ్బరికాయ కొట్టాక ఇక ఆట చివర మంగళం పాడేదాకా ఆ ముఖం మీద చేయి పడకూడదు. గీరుకోవడానికి కూడా వీల్లేదు, చెమట కారితే కారనివ్వాల్సిందే. తుడిస్తే వేషం దిగినట్టు. దిగిన వేషం ఆ రోజు మళ్ళీ ఎక్కదు. మేడం వచ్చేసరికి తయారుగా ఉండాలని పొద్దుపొడవకముందే కొబ్బరికాయ కొట్టేశారట.

తిమ్మప్ప వంక చూశాను. దవడ ఒకవైపు ఉబ్బి ఉంది, రంగు కింద కూడా తెలుస్తోంది. దగ్గరికి వెళితే లవంగనూనె వాసన. నాకు దండం పెట్టి, "ఏం జేస్తవో చెయ్యి బిడ్డా. నేనైతే పాడుత" అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

రేపటికి మార్చుకుందామా అని నేను అన్నానో లేదో, ఆడవాళ్ళ గుంపులోంచి ఒకావిడ లేచి వచ్చింది. పొడుగ్గా, చేతిలో నీళ్ళ చెంబుతో. తిమ్మప్ప భార్య ఈరమ్మ.

"రేపంటే ఊకునేది లేదు మేడం. ముసలోడు అన్నం తినక వారమాయె, గంజి తాగుతుండు. రాత్రంతా దవడ పట్టుకుని మూలుగుడే. డాక్టరు సారు నన్ను తిడ్తుండు. ఇయ్యాల అయిపోవాలె. మల్ల వాయిదా అంటే ఆ పండ్లు నేనే పీకుత."

రాణి గారు కిరీటం కింద నుంచి భార్యను చూసి తల దించుకున్నారు. ఊరంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ, ఆవిడ కళ్ళు చూశాక ఆగిపోయింది. ఆవిడ నిజంగా భయపడుతోంది.

రంగు మారదు, రోజు మారదు, కట్ట తిరగదు. మార్చగలిగింది దాని మీద పడే ఎండను ఒక్కటే. యాదగిరితో ముందు ఎండను చల్లబరుద్దాం అన్నాను. మల్లేశ్ సంబరంగా ఎర్ర పసుపు చారల షామియానా తీశాడు. దాని కింద నిలబెడితే రాణి ముఖం టమాటా పండు అవుతుందని వద్దన్నాను. తెల్లబట్ట కావాలి, పలచటిది కావాలి. ఎండ దాని గుండా వడకట్టుకుని రావాలి. అప్పుడు నీడలు మెత్తబడతాయి, ముఖం మీది తెలుపుకూ పరదా నలుపుకూ ఉన్న తగవు కొంత తగ్గుతుంది. ఈరమ్మ ఇంటికి పోయి పెట్టెలోంచి తిమ్మప్ప ఉతికిన పంచెలు ఒక మోపు తెచ్చింది. కొడుకు పెళ్ళిలో పెట్టినవీ, మడత విప్పనివీ కూడా అందులో ఉన్నాయి. మల్లేశ్ టెంటు గుంజలు పాతాడు. వాటి మధ్య, కెమెరాకు అడ్డురాకుండా ఎత్తులో వాలుగా పంచెలు కట్టి, గాలికి కొట్టుకోకుండా కింది అంచులకు రాళ్ళు కట్టాం.

ఇక ఐరిస్. నేను కెమెరాలో జీబ్రా పెట్టుకుంటాను. వ్యూఫైండరులో, మనం నిర్ణయించిన హద్దును వెలుగు దాటిన చోటల్లా చారలు పడతాయి. మామూలు ముఖానికి ఒక హద్దు, తెల్లగోడకు ఒక హద్దు. ఇక్కడ ముఖమే తెల్లగోడ. అందుకని హద్దును ఎనభై శాతం దగ్గర పెట్టి, తిమ్మప్ప బుగ్గ మీద చారలు కనపడీ కనపడనట్టు ఉండేదాకా ఐరిస్ మూశాను. కళ్ళ కింది ముడతలు తేలాయి. ముక్కు పక్కన నీడ వచ్చింది. కిరీటంలో అద్దం ముక్కలు మాత్రం తళుక్కుమని చారలు కొడుతూనే ఉన్నాయి. వాటిని పట్టించుకోలేదు. అద్దం మెరిస్తే అద్దంలాగే ఉంటుంది, ఎవరూ తప్పు పట్టరు. బుగ్గ కాలిపోతే మనిషి పోతాడు. వెనక గొంగళ్ళు ఒకే నలుపులో కలిసిపోయాయి, రాజు వేషగాడి నీలం అంగరకా కూడా కొంచెం నల్లబడింది. పోతే పోనీ అనుకున్నాను.

వీరన్న వచ్చి మానిటరు చూసి కంగారుపడ్డాడు. "గిట్ల చీకటి చేసినవేంది మేడం! మల్ల గదే అయితది!" ఎండలో పెట్టిన మానిటరు ఎప్పుడూ మసకగానే కనిపిస్తుంది. కొత్త కెమెరామన్లు ఆ మసకను నమ్మి ఐరిస్ తెరిచి మునిగిపోతారు. ఈ సంగతి నోటితో ఎంత చెప్పినా లాభం లేదు. మిగిలిన గొంగడి ఒకటి తెప్పించి నా నెత్తిమీదా మానిటరు మీదా కప్పుకుని, లోపలికొచ్చి చూడమన్నాను. వీరన్న మొహమాటపడ్డాడు. ఆడ ఆఫీసరుతో ఒకే గొంగట్లో దూరడమంటే ఆయన పెద్దరికానికి కుదరలేదు. ఈరమ్మ ఆయన్ని పక్కకు జరిపి తానే దూరింది.

లోపల చీకట్లో మానిటరు వెలుగుతోంది. రాణి నింపాదిగా కూర్చుని ఉంది. కనుబొమల విల్లు, కాటుక తోక, పెదవి మీద ఎర్రటి గీత, అన్నీ ఉన్నాయి. ఈరమ్మ తెర దగ్గరికి వంగింది. నాకు ఆవిడ ఊపిరి వినిపిస్తోంది.

"నేనెన్నడు గింత దగ్గరకెళ్ళి సూడలేదు. ఆడోళ్ళం ఎనకనే కూసుంటం. గాసునూనె దీపాలల్ల ఏం కనిపిస్తుండె?" అంది. తర్వాత మోచేత్తో నన్ను పొడిచి, "నా కన్న సక్కగున్నది ముండ" అంది.

బయటికి వచ్చి వీరన్నతో గట్టిగా, "మస్తు కనిపిస్తుండు. మొదలువెట్టుండ్రి" అని పోయి కూర్చుంది. వీరన్న హార్మోనియం ముందు కూర్చున్నాడు.

ఆట సాగింది. సూర్యుడు పైకి పోతున్నకొద్దీ పంచెల మీద వెలుగు పెరుగుతోంది. ప్రతి రంగానికీ మధ్య హద్దు చూసుకుని ఐరిస్ ఒక వెంట్రుక వాసి మూస్తూ వచ్చాను. తిమ్మప్ప తన వంతు రానప్పుడు గుంజకు ఆనుకుని కళ్ళు మూసుకునేవాడు. నీళ్ళు తాగమంటే వద్దని తల ఊపేవాడు. చల్లటివి తగిలితే ప్రాణం పోతుందట. వంతు రాగానే నడుము మీద చేయి వేసుకుని లేచేవాడు. ఆ నడకలో నొప్పి జాడ ఉండేది కాదు. ఈయన ఎంత మొండివాడో అని నాకు ముచ్చటేసింది.

బురుజు పద్యం వచ్చింది. కెమెరాను ముఖం మీదికి తెచ్చి పెట్టాను. భుజాల నుంచి కిరీటం దాకా ఫ్రేము. తిమ్మప్ప దూరంగా చూస్తూ గొంతెత్తాడు. ‘దండు’ అనే మాట నాలుక కొసన మోగింది. యాదగిరి మైకు కర్ర పైన పట్టుకుని రాయిలా నిలబడ్డాడు.

పద్యం సగంలో ఉండగా నా వ్యూఫైండరు నిండా చారలు వచ్చాయి. నుదురు పోయింది, ఎడమ బుగ్గ పోయింది. పొద్దున నేను వద్దన్న హేలోజన్లను మల్లేశ్ వేశాడు. ఇదే అసలు ఘట్టం కదా, దీనికైనా నాలుగు లైట్లు ఉండకపోతే మామ పరువేం కావాలి అనుకున్నాడు పాపం. ఆపమని అరవడానికి లేదు, మైకు నడుస్తోంది. ఆట ఆపడానికి లేదు, ఆ దవడతో ఆ పద్యం రెండోసారి రాదు. యాదగిరి కదిలితే మైకు పోతుంది. నేను కదిలితే ఫ్రేము పోతుంది.

వేలు ఐరిస్ రింగు మీద ఉంది. తటాలున మూస్తే బొమ్మ ఒక్కసారి చీకటై చూసేవాడికి దెబ్బలా తగులుతుంది, ఆ దెబ్బనే కమిటీ ముందు పట్టుకుంటుంది. పద్యం తూగుకు తగ్గట్టు, చారలు చెంప నుంచి చెవి వైపు జరిగేంత నెమ్మదిగా మూస్తూ పోయాను. ఇంకో చేత్తో జనం వైపు సైగ చేశాను. ఎవరికి చేశానో నాకే తెలియదు. లోపల మల్లేశ్‌ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

సైగ అర్థమైంది ఈరమ్మకు. ఆడవాళ్ళ మధ్యనుంచి చప్పుడు కాకుండా లేచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కట్ట వెనక నుంచి పోయి వైరు పట్టుకుని ఊడబెరికింది. మల్లేశ్ నోరు తెరవబోతే వేలెత్తి చూపించింది. వెలుగు తగ్గింది. నేను మళ్ళీ అంతే నెమ్మదిగా తెరిచాను. రాణి కళ్ళు వచ్చాయి.

అప్పుడే జరిగింది. పద్యం చివరి పాదంలో స్వరం బాగా పైకి పోవాలి. తిమ్మప్ప దవడ బార్లా తెరిచాడు. నొప్పి ఎక్కడ తగిలిందో కానీ ఒళ్ళంతా ఒకసారి వణికింది. కుడిచేయి దానంతటదే చెంప దగ్గరికి వచ్చింది. పన్ను నొప్పి ఉన్న ఎవరి చేయి అయినా అక్కడికే పోతుంది. కానీ ముఖం తాకకూడదు, వేషం దిగుతుంది. చేయి చెంపకు ఒక వేలెడు దూరంలో ఆగిపోయింది. అక్కడే గాలిలో వణుకుతూ నిలబడింది. రెండు కళ్ళ నుంచి నీళ్ళు కారి ఆ మందపాటి తెలుపులో చారలు చేసుకుంటూ దిగాయి. స్వరం మాత్రం తెగలేదు. దారి దుమ్ము లేవలేదని పాడుతూ పాడుతూ, చేయి అలాగే ఉంచి, పద్యం దించాడు.

ఈరమ్మ వైరు చేతిలో పట్టుకునే కట్ట పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అది ఏడుపు కాదు నొప్పి అని ఆవిడకు తెలుసు, నాకు తెలుసు. నాకూ కళ్ళు తడిశాయి, చారలు మసకబారాయి. రింగు మీది వేలిని మాత్రం కదపలేదు.

మంగళం పాడాక తిమ్మప్ప మొదట చేసిన పని రెండు చేతులతో దవడ పట్టుకోవడం. అరచేతుల నిండా తెల్లరంగు అంటింది. ఈరమ్మ తుండుగుడ్డ నూనెలో ముంచి ముఖం తుడుస్తూ తిడుతూనే ఉంది. మల్లేశ్ నా దగ్గరికొచ్చి, తెల్వక చేసిన మేడం, పరేషాన్ కావద్దు అన్నాడు. నేను నాలుగు మాటలు అనే తీరాను. తర్వాత గొంగట్లోకి తీసుకుపోయి ఆ ఘట్టం వేసి చూపించాను. లైట్లు వెలిగిన చోటు ఏదో చూపించమంటే అతను పట్టలేకపోయాడు. నాకు అది సర్టిఫికెట్టు కన్నా ఎక్కువ.

ఆ మర్నాడే తిమ్మప్పను గద్వాల తీసుకుపోయారు.

కమిటీ ఆ రికార్డింగును ఒక్క అభ్యంతరం కూడా లేకుండా తీసుకుంది. దుఃఖంలో చేయి చెంపను చేరకుండా గాలిలో ఆపడం ఏ సంప్రదాయమో, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో కనుక్కుని రాయమని ఒక పెద్దమనిషి నాకు ఫోన్ చేశాడు. పన్ను నొప్పి సార్ అన్నాను. ఆయన తమాషా చేస్తున్నాననుకున్నాడు. నివేదికలో ‘నటుడి సొంత కల్పన’ అని రాసి పంపించాను, అది అబద్ధం కాదు కాబట్టి.

వానలు పడ్డాక ఒక ప్రతి పెన్‌డ్రైవులో వేసుకుని ఆ ఊరికి మళ్ళీ వెళ్ళాను. డ్యూటీ మీద కాదు, సొంత ఖర్చుతో బస్సులో. తిమ్మప్ప ముఖం తేటగా ఉంది, కొంచెం ఒళ్ళు కూడా వచ్చింది. పై చిగుళ్ళు ఇంకా ఆరాలి, కట్టుడు పళ్ళు పెట్టలేదు. వాళ్ళింట్లో టీవీకి పెట్టి చూపించాం. గది నిండా జనం. ఈరమ్మ ఈసారి అందరికన్నా ముందు కూర్చుంది. బురుజు పద్యం మొదలవగానే ఎవరో, తాతా నువ్వుగూడ అనరాదు అన్నారు. ఆయన గొంతు సవరించుకుని అందుకున్నాడు. దండు రాలేదు. గాలి వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాడు, మళ్ళీ గాలే. ఇల్లంతా ఘొల్లుమంది, ఆయన కూడా నవ్వాడు, బోసినోటితో పసిపిల్లాడిలా. తర్వాత టీవీలో రాణి వైపు చేయి చూపించాడు.

"నన్నెందుకు అడుగుతరు? గామె చెప్తది, ఇనుండ్రి" అన్నాడు. పై పళ్ళు లేని నోట ఆ మాటలు సగమే తెలిశాయి. అయినా అందరూ నోరు మూసుకుని రాణిని విన్నారు. ఆయన కూడా విన్నాడు.

రిటైరయ్యాక నాగర్‌కర్నూల్‌లో స్థిరపడ్డాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన వాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి, ఎండలో ఐరిస్ ఎంత పెట్టాలి మేడం అని అంకె అడుగుతారు. అంకె లేదని చెబుతాను. ఫ్రేములో రెండోసారి దొరకనిది ఏదో ముందు చూసుకోండి, వెలుతురు దానికే కొలవండి, మిగిలినవి కాస్త నల్లబడితే ఎవరూ ఏడవరు అంటాను. ఇది నాకు తెలుసనే అనుకునేదాన్ని. గట్టులో ఆ పద్యం తీశాకే తెలిసింది.